స్వప్నపరీక్షకుఁడు గిరీంద్రశేఖర బసు

స్వప్నమును గూర్చి మన పూర్వులు విచారింపకపోలేదు. మాండూక్యోపనిషత్తు స్వప్నావస్థ నాత్మయొక్క ద్వితీయపాదముగఁ బేర్కొనినది. స్వప్నఫలములను దెలుపు గ్రంథములు కలను రాఁబోవు దానికి సూచకముగఁ దలఁచినవి. కలను రోగి గడచిన జీవితమునకు సాక్షిగఁ గైకొని చికిత్స కుపయోగించిన భారతీయ వైద్యులలోఁ బ్రథమగణ్యుఁడు గిరీంద్రశేఖర బసు.

ఈయన 1887లో జన్మించెను. తండ్రి దర్భంగా సంస్థానమున దివాను. చలంతికా నిఘంటుకర్తయు, వంగ హాస్యరచయితయు నగు రాజశేఖర బసు ఈయనకు అన్న. గిరీంద్రశేఖరుఁడు 1910లో కలకత్తాలో వైద్యపట్టమును, 1921లో మనోనిరోధమును గూర్చిన సిద్ధాంతవ్యాసమునకు డాక్టరు బిరుదమును బడసెను. 1922లో పార్శీబాగాన్ వీథిలోని స్వగృహమున భారతీయ మనోవిశ్లేషణ సంఘమును స్థాపించెను. వియన్నాలోని ఫ్రాయిడుతో ననేక సంవత్సరములు లేఖలు నడపెనే కాని, ఆయన నెన్నఁడును జూడలేదు.

ఫ్రాయిడు పద్ధతిలో కలకు నియతమైన ఫలము లేదు. కలలోని పాము ఒకనికి భయమును, వేఱొకనికి బాల్యమున విన్న కథను స్మరింపఁజేయవచ్చును. కావున రోగి యొక్కొక్క యంశమునకుఁ దనకుఁ దోఁచిన దెల్లఁ జెప్పవలెను; వైద్యుఁడు వినవలెను. బసు ఈ మార్గము నంగీకరించియు, గురువును గ్రుడ్డిగా ననుసరింపలేదు. ప్రతి కోరికతోడను దానికి విరుద్ధమగు కోరిక యొకటి పుట్టి యణఁగియుండునని యాతని సిద్ధాంతము. ఫ్రాయిడు దానిని పూర్తిగా నంగీకరింపలేదు.

ఈ విషయమును బసు ఇంగ్లీషునకే విడిచిపెట్టక, 'స్వప్న' యను గ్రంథమును వంగభాషలో రచించెను. 1940లో కలకత్తాలో లుంబినీ పార్కు మానసిక చికిత్సాలయము వెలసినది. 1947లో 'సమీక్ష' పత్రిక యారంభమైనది. 1953 జూన్ 3వ తేదీన బసు మరణించెను.

ఆ సంవత్సరముననే షికాగో పరిశోధకులు నిద్రలో కనుగ్రుడ్లు వేగముగఁ జలించు దశను, అప్పుడు కలలు తఱచుగ వచ్చుటను బ్రకటించిరి. కల యెల్లప్పుడును కోరికయే యను వాదము నేఁడు పెక్కురకు సమ్మతము గాదు. అయినను, మెలకువలో సిగ్గువలననో భయమువలననో చెప్పలేని దానిని రోగి కల నెపమునఁ జెప్పఁగలుగుట చికిత్సకు లాభమే.

ఇం దొక భాషావిషయమును గలదు. కలలోని సంబంధములు తఱచుగ మాటల సామ్యమును, సామెతను, పేరును బట్టి యుండును. అవి భాషాంతరమున నిలువవు. వంగభాషలో నిర్జ్ఞానమనఁబడు దానిని మనము అచేతన మందుము. శాస్త్రపదము సంస్కృతము నుండి రావచ్చును; కాని రోగి తన కలను జెప్పునది యింటి మాటలలో. ఆ మాటల నెఱిఁగినవాఁడే యా కలకు వైద్యుఁడు.