స్టీఫెన్ హిస్లాపు - పంగిడి గుల్లలు

కొల్లేటి సీమవారికి గుల్ల యనగానే సున్నపు బట్టీ జ్ఞప్తికి వచ్చును. అట్టి గుల్లయే రాతిలో నిమిడి భూమి చరిత్రకు సాక్ష్యము పలుకును. అయితే అది దొరికిన తావు తెలిసిననే గాని ఆ సాక్ష్యమునకు విలువ లేదు. హిస్లాపు జీవితము ఇందుకు నిదర్శనము.

ఆయన 1817లో స్కాట్లాండులోని డన్సు పట్టణమున జన్మించి, 1845లో క్రైస్తవ మతబోధకుడుగా నాగపురము చేరెను. బోధయు బడియు వృత్తి. రాళ్లను పరికించుట వ్యసనము. దక్కను నల్లరాతి పొరల నడుమ మంచినీటి గుల్లలను ఆయన ఏరి కూర్చెను.

అమరావతి శిల్పములను త్రవ్వించిన వాల్టరు ఎల్లియటు రాజమహేంద్రవర ప్రాంతపు గుల్లలను ఆయనకు అందజేసెను. ఇవి తాడేపల్లిగూడెమునకు ఉత్తరముగా కొవ్వూరు చేరువనున్న పంగిడిలోను, గోదావరి కావలియొడ్డున కాతేరులోను దొరకినవి, ఉప్పునీటి జాతులు. నేడు పైరుపచ్చలున్న చోట ఒకనాడు సముద్రము పొంగెనని వీనివలననే తెలిసినది.

రెండు చిప్పల ప్రాణులను వర్గీకరించుటకు చిప్పలు కలియు కీలు, కండరము అంటిన మచ్చ, వెలుపలి గీతలు ముఖ్యాధారములు. రాయి వీనిని కప్పివేయుటచే పని కష్టము. హిస్లాపు ఓపికతో పోల్చి చూచి, కొత్త జాతులను లాటిను భాషలో వర్ణించి 1860లో లండను భూగర్భశాస్త్ర సంఘ పత్రికలో ప్రకటించెను. ఒక ఆల్చిప్పకు పంగిడి పేరిటనే ఆస్ట్రియా పంగాడియెన్సిస్ అని నామకరణము చేసెను. 1863 సెప్టెంబరు 4న టాకల్‌ఘాటు శిలావలయములను చూచి మరలుచు, వరదవాగులో పడి మరణించెను. అప్పటికి ఆయనకు 45 ఏండ్లు.

ఈ పొరలు ఇయోసీను కాలపువని ఆయన తలంచెను. గౌరీపట్నము, దుద్దుకూరు క్వారీలలోని సూక్ష్మజీవుల పెంకులను పరీక్షించి పండితులు 2008లో వీనిని ఇంకను వెనుకకు, రాక్షసిబల్లులు నశించిన 6 కోట్ల 60 లక్షల ఏండ్లనాటి సంధికాలమునకు చేర్చిరి. కాలనిర్ణయము మారినను, లండను మ్యూజియములోని ఆయన గుల్లలు నేటికిని పనికివచ్చుచున్నవి. వానితో ఊరి పేరు నిలిచియుండుటయే కారణము.

పంగిడి సీమ నల్లరాయి కంకరయై రోడ్లకు పోవుచున్నది. దానితో గుల్లలును పోవుచున్నవి. ఏలూరు, తాడేపల్లిగూడెము కళాశాలలు వీనిలో కొన్నిటినైనను ఏరి, ఊరు, క్వారీ, పొర, తేదీ వ్రాసిన చీటీతో భద్రపరుపవలెనని మా కోరిక. చీటీ లేని గుల్ల బీరువాలోనున్నను వింతవస్తువే.