డబ్బు ఎవరిది, ప్రశ్న ఎవరిది? పరిశోధక విద్యార్థులకు కార్టర్ వుడ్సన్ జీవితం చెప్పేది

ఫెలోషిప్ జాబితాలో పేరు వచ్చిన రోజు మన పిల్లల ఇళ్లలో పండగే. అసలు కష్టం ఆ తర్వాత మొదలవుతుంది. గైడ్ దొరకాలి, టాపిక్ ఒప్పించుకోవాలి, నెలనెలా సొమ్ము పడుతుందో లేదో చూసుకోవాలి. మన చరిత్ర మీద పని చేస్తామంటే అందులో చరిత్ర ఏముందని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఈ ప్రశ్నను నూరేళ్ల కిందటే ఎదుర్కొని, తన తర్వాతి తరం పరిశోధకులకు దారి వేసిన నల్లజాతి చరిత్రకారుడు కార్టర్ జి. వుడ్సన్. ఆయన జీవితాన్ని మన విద్యార్థులు తెలుసుకోవాలని ఇక్కడ రాస్తున్నాం.

వుడ్సన్ 1875 డిసెంబర్ 19న అమెరికాలోని వర్జీనియాలో పుట్టారు. తల్లిదండ్రులిద్దరూ బానిసత్వం అనుభవించినవాళ్లే. పొలం పనుల వల్ల చిన్నప్పుడు బడి అంతంతమాత్రం. పదిహేడేళ్లు వచ్చేసరికి బతుకుతెరువు కోసం పశ్చిమ వర్జీనియా వెళ్లి, బొగ్గు గనుల్లో పనిచేశారు. అక్కడ ఆలివర్ జోన్స్ అనే గని కార్మికుడు ఉండేవాడు. అంతర్యుద్ధంలో పోరాడినవాడు, కానీ చదవడం రాదు. సాయంత్రాలు అతని ఇంట్లో కార్మికులు కూడితే వుడ్సన్ పత్రికలు చదివి వినిపించేవారు. వాళ్లు బానిసత్వం రోజుల్నీ, యుద్ధాన్నీ గుర్తుచేసుకునేవారు. పుస్తకాల్లో లేని చరిత్ర మనుషుల దగ్గర ఉందని ఆయన తెలుసుకున్నది అక్కడే.

హైస్కూల్లో చేరేనాటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు దాటాయి. రెండేళ్లలో చదువు ముగించి, బెరియా కాలేజీలో పట్టా పొందారు. ఫిలిప్పీన్స్‌లో టీచరుగా పనిచేశారు. షికాగోలో ఎం.ఏ. చేసి, హార్వర్డ్ చేరారు. థీసిస్ రాస్తూనే వాషింగ్టన్‌లో బడిపంతులు ఉద్యోగం చేశారు. అక్కడే ఉన్న లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కూర్చుని థీసిస్ పని సాగించారు. 1912లో డాక్టరేట్ వచ్చింది. హార్వర్డ్‌లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ తర్వాత డాక్టరేట్ అందుకున్న రెండో నల్లజాతి మనిషి ఆయనే. ఆ మరుసటి ఏడాదే మన అంబేడ్కర్ బరోడా స్కాలర్‌షిప్ మీద కొలంబియా వెళ్లారు. గడువు తీరగానే 1917లో లండన్ చదువును మధ్యలో ఆపి ఇంటికి రావలసి వచ్చింది. ఇచ్చే చేయి ఆగితే చదువు ఆగుతుందన్న సంగతి మనకు కొత్త కాదు.

డాక్టరేట్‌తో వుడ్సన్ ఆగిపోలేదు. 1915 సెప్టెంబర్‌లో షికాగోలో నల్లజాతి జీవితం, చరిత్రల అధ్యయనానికి ఒక సంఘం స్థాపించారు. 1916 జనవరిలో సొంత డబ్బు పెట్టి పరిశోధన పత్రిక మొదలుపెట్టారు. నల్లవాళ్ల పుస్తకాలు పెద్ద ప్రచురణకర్తలు వేయరు కాబట్టి సొంత ప్రచురణ సంస్థ కూడా పెట్టుకున్నారు.

1920ల్లో కార్నెగీ, రాక్‌ఫెల్లర్ నిధులు వచ్చాయి. ఆ డబ్బుతో ఆయన యువ పరిశోధకులను పనిలో పెట్టారు. అల్రుథియస్ టేలర్ దక్షిణ కెరొలినా, వర్జీనియాల్లో బానిసత్వం రద్దయ్యాక నల్లవాళ్లు ఏం చేశారో రికార్డులు తవ్వి రెండు పుస్తకాలు రాశారు. నల్లవాళ్లకు పాలన చేతకాలేదని తెల్ల చరిత్రకారులు రాసిపెట్టిన కథకు అవి జవాబు. లొరెంజో గ్రీన్ 1928లో చేరి నల్ల కార్మికుల చరిత్ర మీద పనిచేశారు, తర్వాత కొలంబియాలో డాక్టరేట్ పొందారు. జోరా నీల్ హర్స్టన్ దక్షిణాది జానపద కథలు సేకరించడానికి 1927లో ఇచ్చిన ఫెలోషిప్‌లోనూ ఈ సంఘం వాటా ఉంది.

వుడ్సన్ దగ్గర పని తేలిక కాదు. జనాభా లెక్కలు, కోర్టు కాగితాలు, చర్చి రికార్డులు ఒక్కొక్కటీ చూడాల్సిందే. 1830 జనాభా లెక్కల్లోని స్వేచ్ఛా నల్లజాతి కుటుంబ పెద్దల పేర్లు వేల సంఖ్యలో ఉంటే, వాటిని అక్షర క్రమంలో పేర్చే పని కవి లాంగ్‌స్టన్ హ్యూస్ చేశారు. కళ్లు నొప్పులు పుట్టి ఆ ఉద్యోగం వదిలేశారు కూడా. ఆ పేర్లే 1925లో పుస్తకంగా వచ్చాయి. కోపతాపాలు ఎంత ఉన్నా, ఆధారం లేనిదే ఒక్క మాటా రాయకూడదన్నది ఆయన పట్టు. మన మీద రాసిన అబద్ధాలను ఆవేశంతో కొట్టేయలేం, కాగితం చూపించాలి.

తర్వాత దాతలు షరతు పెట్టారు. సంఘాన్ని ఏదైనా నల్లజాతి కాలేజీకి అనుబంధంగా చేయాలన్నారు. వుడ్సన్ ఒప్పుకోలేదు. 1930ల మొదట్లో ఆ నిధులు ఆగిపోయాయి. దేశమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులవి. ఆ నిర్ణయం ఖరీదైనదే. కొత్తవాళ్లను పెట్టుకునే స్తోమత తగ్గింది, పనులు వెనకబడ్డాయి. అయినా సంఘం మూతపడలేదు. నల్లజాతి టీచర్లు, చర్చిలు, మామూలు జనం ఇచ్చిన చిన్న చిన్న చందాలే దాన్ని నిలబెట్టాయి. దానికి కారణం ఉంది. 1926 ఫిబ్రవరిలోనే ఆయన నల్లజాతి చరిత్ర వారోత్సవం మొదలుపెట్టి, పరిశోధనను బడి పిల్లల దాకా తీసుకెళ్లారు. తమకు చేరిన చరిత్ర కోసం జనం డబ్బిచ్చారు. ఈనాటి బ్లాక్ హిస్టరీ మంత్ ఆ వారోత్సవం నుంచే పుట్టింది.

ఆయన పెళ్లి చేసుకోలేదు. వాషింగ్టన్‌లోని ఇల్లే ఆఫీసు, ఇల్లే గోదాము. 1950 ఏప్రిల్ 3న ఆ ఇంట్లోనే కన్నుమూశారు.

ఫెలోషిప్ వద్దని మేము అనడం లేదు. ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్ మన హక్కు, ఆలస్యమైతే కొట్లాడి తీసుకోవాలి. వుడ్సన్ కూడా దాతల డబ్బు తీసుకున్నారు, ప్రశ్నను మాత్రం వాళ్ల చేతిలో పెట్టలేదు. ప్రశ్న మన దగ్గర ఉండాలంటే మన ఆధారాలు, మన పత్రికలు, మన చందాలు కూడా ఉండాలి. పీహెచ్‌డీలో చేరబోయే విద్యార్థులు దరఖాస్తు నింపే ముందు ఒకసారి ఊరు వెళ్లిరండి. వాడలోని పెద్దవాళ్లతో మాట్లాడి రికార్డు చేయండి. సంఘాల కరపత్రాలు, పాత ఫొటోలు, కేసు కాగితాలు చెదపట్టకముందే ఒకచోట చేర్చండి. ఇక ఉద్యోగాల్లో స్థిరపడిన మనవాళ్ల సంగతి. ఫెలోషిప్ ఆగిన నెలలో ఒక పరిశోధకుడి మెస్ బిల్లు కట్టడం మనకు పెద్ద భారం కాదు. అది కూడా చరిత్ర రాయడంలో భాగమే.