జెండా వెంకయ్య గారు

సన్నీవేల్‌లో మేం కడుతున్న ఆఫీసు బిల్డింగు ముందు పోయిన నెలలో రెండు జెండా స్తంభాలు నిలబెట్టాం. ఒకటి అమెరికా జెండాకి, రెండోది కాలిఫోర్నియా రాష్ట్రం ఎలుగుబంటి జెండాకి. గుంట తీయించి కాంక్రీటు పోయించడం, స్తంభం నిలువు సరిగా ఉందో లేదో చూడటం నా పని. నాతో పనిచేసే మెక్సికో అతను ఆ ఎలుగుబంటి కథ చెప్పాడు. 1846లో సొనోమా ఊళ్లో తిరుగుబాటు చేసినవాళ్ల కోసం విలియం టాడ్ అనే ఆయన గుడ్డ మీద ఎలుగుబంటిని గీస్తే, అది పందిలా ఉందని చూసినవాళ్లు నవ్వారట. ఆ గుడ్డ 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం తర్వాత మంటల్లో కాలిపోయింది. ఆ గుర్తే 1911లో రాష్ట్ర జెండా అయింది. అంతా చెప్పి, మీ జెండా ఎవరు చేశారని అడిగాడు. మా కృష్ణా జిల్లా ఆయనే అన్నాను గర్వంగా. అయితే బాగా డబ్బు సంపాదించి ఉంటాడే అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

పింగళి వెంకయ్య గారు 1876 ఆగస్టు 2న మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. కొన్ని పుస్తకాల్లో 1878 అని కూడా ఉంటుంది. కుర్రతనంలోనే బ్రిటిష్ సైన్యంలో చేరి, బోయర్ యుద్ధానికి (1899-1902) దక్షిణాఫ్రికా వెళ్లారు. అంటే ఆయన కూడా మనలాగే ఉద్యోగం కోసం సముద్రం దాటినవారే. గాంధీ గారితో పరిచయం అక్కడే అయింది.

తిరిగొచ్చాక ఆయన చేయని పని లేదు. జపాను భాష నేర్చుకుంటే జపాన్ వెంకయ్య అన్నారు. కంబోడియా పత్తి మీద పరిశోధన చేస్తే పత్తి వెంకయ్య, వజ్రాల గురించి చదివితే డైమండ్ వెంకయ్య. బందరు జాతీయ కళాశాలలో పాఠాలు కూడా చెప్పారు. ఇన్ని పేర్లున్నా చివరికి మిగిలింది జెండా వెంకయ్య అన్నదే.

ఆ పేరు ఊరికే రాలేదు. 1916లోనే దేశానికి ఒక జెండా కావాలంటూ 30 నమూనాలతో ఇంగ్లీషులో పుస్తకం వేశారు. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం ఇవ్వలేదు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు గాంధీ గారు కోరితే ఎరుపు, ఆకుపచ్చ రంగులతో, మధ్యలో రాట్నంతో జెండా తయారుచేసి ఇచ్చారు. రాట్నం ఆలోచన జలంధర్ లాలా హంసరాజ్ గారిది. ఎరుపు హిందువులకి, ఆకుపచ్చ ముస్లింలకి గుర్తయితే మిగతావాళ్ల మాటేమిటని గాంధీ గారు తెలుపు కలపమన్నారు. రంగులకి మతాల పేర్లు పెట్టేసరికి తగాదాలొచ్చాయి. అందుకే 1931లో ఎరుపు తీసేసి కాషాయం పెట్టి, అది త్యాగానికి, తెలుపు సత్యానికి, శాంతికి గుర్తు అని కొత్తగా అర్థం చెప్పారు. 1947 జులై 22న రాజ్యాంగ సభ రాట్నం బదులు 24 ఆకుల అశోక చక్రం పెట్టి ఆమోదించింది.

కాబట్టి ఇప్పుడున్న జెండా అచ్చంగా వెంకయ్య గారు గీసిందేనా అంటే కాదు, చాలా చేతులు పడ్డాయి. కానీ కట్టుబడిలో ఉన్నవాడిగా నాకు తెలిసిందొకటి: పైన ఎన్ని అంతస్తులు మారినా, ముగ్గు పోసిన మేస్త్రీని మర్చిపోకూడదు. ఆయన్ని మర్చిపోయారు. విజయవాడ చిట్టినగర్‌లో గుడిసెలో పేదరికంతో బతికి, 1963 జులై 4న కన్నుమూశారు. తన శవం మీద జెండా కప్పమని, తర్వాత దాన్ని చెట్టుకి కట్టమని కోరారని మా వైపు చెప్పుకుంటారు.

తపాలా బిళ్ల వేసింది 2009లో, పోయిన 46 ఏళ్లకి. మర్నాడు ఇదంతా మెక్సికో అతనికి నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఆయన పేరు ఎలా పలకాలో అడిగి, రెండుసార్లు అన్నాడు.