నర్మదాశంకరుని ప్రతిజ్ఞలు

ఆధునిక గుజరాతీ సాహిత్యమునకు మార్గదర్శకులలో అగ్రగణ్యుడు నర్మదాశంకర లాలశంకర దవే. నర్మదుడను పేర ప్రసిద్ధికెక్కిన ఈ కవి 1833 ఆగస్టు 24వ తేదీన సూరతు నగరమున నాగరబ్రాహ్మణ కుటుంబమున జన్మించెను. మొగలాయిల నాడు పశ్చిమతీరమున మేటి రేవుగా వెలుగొందిన సూరతు అప్పటికే తన వర్తకమును బొంబాయికి కోల్పోయినది. నర్మదుని జీవితమును ఈ రెండు పట్టణముల నడుమనే సాగినది. కవిగను, సంస్కర్తగను, నిఘంటుకర్తగను ఆయన సుపరిచితుడు. ఆయన పూనిన ప్రతిజ్ఞలను, వానిని నిలుపుకొన్న తీరును, తప్పిన సందర్భమును పరిశీలించుటయే ఇచట ఉద్దేశము.

నర్మదుడు బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున చదివి, కొంతకాలము సూరతు ప్రాంతమునను, పిదప బొంబాయిలోను ఉపాధ్యాయుడుగా నుండెను. బోధనలోనే ప్రొద్దు గడచుచుండగా కవిత్వమునకు తీరిక చాలకుండెను. 1858 నవంబరు 23వ తేదీన ఆయన కొలువు విడిచి యింటికి వచ్చి, కలమును చూచి కన్నీరు నింపుకొని, ఇకమీదట తాను దాని యొడిలోనివాడనని విన్నవించుకొనెను. వ్రాతచేతనే బ్రదుకవలెను గాని ఒకరి కొలువు చేయరాదని నియమము. ఇది సభలో చేసిన శపథము కాదు. తనకును తన కలమునకును నడుమ కుదిరిన ఒప్పందము.

గ్రంథవిక్రయముతో కుటుంబమును పోషించుకొనుట ఆనాడు దుష్కరము. ఋణములు పెరిగినను నర్మదుడు నియమము వీడలేదు. 1864లో దాండియో పత్రికను స్థాపించి దురాచారములను నిర్భయముగా విమర్శించెను. ఒంటరిగా సంవత్సరముల తరబడి శ్రమించి, 1873లో నర్మకోశమును పూర్తిగా వెలువరించెను. గుజరాతీ పదములకు గుజరాతీలోనే అర్థము చెప్పిన తొలి నిఘంటువది. తెలుగున బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము వెలువడినది 1885లో నని తలచినచో, ఆ కృషి యెంత ముందటిదో తెలియగలదు. కలమునకిచ్చిన మాటకు ఫలము ఈ కోశమే యనవచ్చును.

ఆయన లోకమునకిచ్చిన మాట వేరు. వితంతు పునర్వివాహమునకు 1856లో శాసనము ఏర్పడినను సంఘము దానిని అంగీకరింపలేదు. 1860లో నర్మదుడు ఈ విషయమై వైష్ణవాచార్యుడు యదునాథజీ మహారాజుతో బహిరంగముగా వాదించెను. ఉపన్యాసములతో తృప్తిపడక 1870 ప్రాంతమున నర్మదాగౌరి యను వితంతువును తానే పెండ్లాడెను. మన వీరేశలింగము పంతులు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించినది 1881 డిసెంబరు 11న. అయితే నర్మదుని యింట అప్పటికే డాహీగౌరి యను ధర్మపత్ని కలదు. సభలో పలికిన మాట నిలిచినది. అగ్నిసాక్షిగా చేపట్టిన యిల్లాలికి మాత్రము సవతి వచ్చినది. సంస్కరణచరిత్రలు ఈ రెండవ లెక్కను తఱచుగా విడిచిపెట్టుచున్నవి.

వయసు ముదిరినకొలది ఆయన భావములును మారెను. 1885 నాటి ధర్మవిచారమున పూర్వపు సంస్కరణోత్సాహమును తానే పునర్విమర్శించెను. దీనిని మాట తప్పుటగా నెంచినవారు కలరు. కాని మనసు మారినప్పుడు దానిని దాచక అచ్చువేసి ప్రకటించుట వంచన కానేరదు.

తుదకు 1882లో, ఇరువదినాలుగేండ్ల పిమ్మట, దారిద్ర్యము సహింపరానిదై, గోకులదాస్ తేజ్‌పాల్ ధర్మనిధిలో ఆయన ఉద్యోగము స్వీకరించెను. నియమభంగము ఆయనను మిక్కిలి కలచివేసినది. తరువాత చిరకాలము జీవింపలేదు. 1886 ఫిబ్రవరిలో బొంబాయిలో కన్నుమూసెను.

మారీ హకీకత్ అను స్వీయచరిత్రమును ఆయన 1866లోనే వ్రాసి, కొలది ప్రతులు మాత్రము అచ్చువేయించి, తన యనంతరమే లోకమునకు ప్రకటింపవలెనని కోరెను. శతజయంతి వత్సరమైన 1933లో అది వెలువడినది. ఆయన కోరిక నట్లు చెల్లినది. సూరతులోని విశ్వవిద్యాలయము నేడు ఆయన పేరనే యున్నది.

ప్రతిజ్ఞ యొక ఋణము వంటిది. అది ఎవరికి చెల్లవలసినదో చూచి గాని తీర్పు చెప్పరాదు. కలముతో చేసిన ఒప్పందము తప్పినప్పుడు నష్టపడినవాడు నర్మదుడొక్కడే. ఆ ఋణమును నిఘంటువుతో ముందే తీర్చియుండెను. డాహీగౌరికి చెల్లవలసినది ఆయన యశస్సులోనుండి తీరునది కాదు. ఆయనను నిజముగా గౌరవింపదలచినవారు ఈ రెండు లెక్కలను కలిపియే చదువవలెను.