గ్యారేజీలో స్టూడియో కట్టిన లెస్ పాల్

కష్టపడి డబ్బులు కూడబెట్టి ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక మైకు కొన్నారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాడితే మీ గొంతు మీకే కాస్త ఆలస్యంగా వినిపిస్తోంది. వెనకాల గుయ్‌మని ఒకటే రొద. రెండు రోజులు తంటాలు పడి, ఇక మనవల్ల కాదని లాప్‌టాప్ మూసేసినవాళ్లు మీలో ఉండే ఉంటారు. ఇవే తిప్పలు ఎనభై ఏళ్ల కిందట, ఇంటర్నెట్టూ ట్యుటోరియల్సూ లేని రోజుల్లో ఒకాయన పడ్డాడు. పేరు లెస్ పాల్. ఆయన పోయి పదిహేనేళ్లు దాటింది. గిటార్ షాపులో ఆ పేరు రాసి ఉన్న గిటార్ చూసి అది కంపెనీ పేరనుకునేవాళ్లే ఎక్కువ.

అసలు పేరు లెస్టర్ విలియం పోల్స్‌ఫస్. 1915 జూన్ 9న అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వాకెషా అనే ఊళ్లో పుట్టాడు. మౌత్ ఆర్గాన్, గిటార్ రెండూ ఒకేసారి వాయించాలని మెడకు తగిలించుకునే హోల్డర్ తనే వంచి చేసుకున్నాడు. కుర్రాడిగా రోడ్డు పక్క హోటల్ దగ్గర వాయిస్తుంటే వెనకున్నవాళ్లకు గిటార్ వినపడట్లేదన్న ఫిర్యాదు వచ్చింది. గ్రామఫోన్ పికప్ తీసి గిటార్‌లోకి దూర్చి, ఇంట్లో రేడియోకి కలిపాడు. అదే ఆయన ఆంప్లిఫయర్. పాడడానికి మైకు కావాలంటే టెలిఫోన్ ముక్క విప్పాడు. చదువు మాత్రం హైస్కూల్ పూర్తికాకుండానే ఆగిపోయింది. బ్యాండుతో ఊళ్లు తిరుగుతూ, షికాగో రేడియోలో వాయిస్తూ, 1938 నాటికి న్యూయార్క్ చేరాడు.

అక్కడ 1941లో ఒక ప్రమాదం జరిగింది. క్వీన్స్ ప్రాంతంలో అపార్ట్‌మెంట్ కింద బేస్‌మెంట్‌లో వాయిస్తుండగా కరెంట్ షాక్ కొట్టి చావు తప్పి బయటపడ్డాడు. కోలుకోవడానికి చాలాకాలం పట్టింది. ఈ ముచ్చట దగ్గర కాస్త ఆగుదాం. ఎందుకంటే మన ఇళ్లలో గుయ్‌మనే రొద గురించి వెతికేటప్పుడు చాలామంది చేసే పని, త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం. రొద తగ్గొచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ఆ పని ఎప్పుడూ చేయకండి. ముందు లాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద రికార్డ్ చేసి చూడండి. రొద పోతే తప్పు చార్జర్ వైపు ఉన్నట్టు. పోకపోతే కేబుల్ మార్చి చూడండి, తర్వాత పరికరాలన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టి చూడండి. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. నాలుగూ కలిపి మారిస్తే రొద పోయినా, దేనివల్ల పోయిందో తెలీదు, మర్నాడు మళ్లీ మొదటికే.

1940ల్లో లెస్ పాల్ హాలీవుడ్ చేరాడు. అప్పటికి అమెరికాలో పెద్ద గాయకుడైన బింగ్ క్రాస్బీ పక్కన గిటార్ వాయించాడు. సొంత స్టూడియో పెట్టుకోమని క్రాస్బీయే ప్రోత్సహించాడు. ఎక్కడ పెట్టాలి? ఇంటి గ్యారేజీలో పెట్టాడు. అప్పటికి అమెరికా స్టూడియోల్లోకి టేపులు రాలేదు, పూత పూసిన డిస్కుల మీద సూదితో గీత గీసి రికార్డ్ చేసేవారు. ఆ డిస్కు అటూ ఇటూ ఊగకుండా ఒకే వేగంతో తిరగాలి. అందుకు కాడిలాక్ కారు ఫ్లైవీల్ తెచ్చి బిగించాడు. బరువుగా, సమంగా ఉంటుందని దాన్ని ఎంచుకున్నాడు.

ఆ గ్యారేజీలోనే ‘లవర్’ పాటలో ఎనిమిది గిటార్లు వినిపించాడు. ఎనిమిదీ ఆయనే. ఒక డిస్కు మీద ఒక గిటార్ రికార్డ్ చేసి, దాన్ని వినిపిస్తూ రెండోది వాయించి, రెండూ కలిపి ఇంకో డిస్కు మీదకు ఎక్కించేవాడు. అలా ఒకదాని మీద ఒకటి. కొన్నింటిని సగం వేగంతో రికార్డ్ చేసి మామూలు వేగంతో వినిపిస్తే గిటార్ పిట్టకూతలా పలికేది. తనకు నచ్చేదాకా సుమారు 500 డిస్కులు పారేశాడని చెబుతారు. ఈ పని మొట్టమొదట చేసింది ఆయనే అని చాలాచోట్ల రాస్తారు కానీ, అది సరి కాదు. 1941లోనే సిడ్నీ బెచెట్ ఇలా అన్ని వాయిద్యాలూ తనే వాయించి ఒక రికార్డు చేశాడు. లెస్ పాల్ గొప్పతనం దాన్ని రోజూ చేసే పనిగా, పాట కట్టే పద్ధతిగా మార్చడంలో ఉంది.

‘లవర్’ 1948లో వచ్చింది. అదే ఏడాది జనవరిలో ఓక్లహోమాలో మంచు పట్టిన రోడ్డు మీద కారు జారి కింద పడింది. కుడి మోచేయి ముక్కలైంది. చెయ్యి తీసేయాల్సి వస్తుందేమో అన్నంత దాకా వెళ్లింది. చివరికి డాక్టర్లు చెయ్యి దక్కించారు గానీ మోచేయి ఇక మడవదు, చాపదు. ఏ కోణంలో అతికిస్తే ఆ కోణంలోనే జీవితాంతం ఉండిపోతుంది. గిటార్ పట్టుకుని తీగ మీటడానికి వీలుగా ఉండే కోణంలో అతికించమని అడిగాడు. ఏడాదిన్నర దాకా సరిగా వాయించలేదు. ఆ చెయ్యి అలాగే ఉండిపోయింది.

1949లో క్రాస్బీ ఒక ఆంపెక్స్ టేప్ రికార్డర్ బహుమతిగా ఇచ్చాడు. లెస్ పాల్ దాన్ని చూసి చేసిన పని చిన్నదే. పాతది చెరిపే హెడ్ కంటే ముందు, వినిపించే హెడ్ ఇంకొకటి బిగించాడు. టేపు నడుస్తుంటే పాత పాట ముందు వినిపిస్తుంది, ఆ వెంటనే చెరిగిపోతుంది, పాతదీ కొత్తగా పాడిందీ కలిసి మళ్లీ అదే టేపు మీద పడతాయి. ఒక్క మెషిన్‌తో పని అయిపోయింది. కాకపోతే అన్‌డూ లేదు. పదో పొరలో ఒక్క స్వరం తప్పితే మొదటి తొమ్మిదీ పోయినట్టే. పైగా ప్రతి పొరతోనూ మొదట పాడినవి మసకబారతాయి, సర్రుమనే శబ్దం పెరుగుతుంది. అందుకని వరస తిరగేశాడు. అంత ముఖ్యం కానివి ముందు, ప్రధాన గొంతు, ప్రధాన గిటార్ చివర. మన సాఫ్ట్‌వేర్‌లో ఎన్ని ట్రాకులైనా పెట్టుకోవచ్చు కాబట్టి ఈ బాధ లేదు. కానీ మీటరు ఎర్రగా వెలిగేలా రికార్డ్ చేసి పగిలిపోయిన గొంతును ఏ అన్‌డూ బాగుచేయదు. గెయిన్ తగ్గించి, గట్టిగా పాడే చోట కూడా మీటరు పైన కాస్త ఖాళీ ఉండేలా చూసుకోవాలి.

అదే ఏడాది చివర్లో గాయని మేరీ ఫోర్డ్‌ను పెళ్లి చేసుకున్నాడు. అన్ని పొరల్లోనూ పాడింది ఆవిడే, మూడు నాలుగు గొంతుకలుగా వినిపించేదీ ఆవిడే. ఒక్క తప్పు వస్తే అంతా పోయే టేపు మీద అలా పాడడం ఎంత కష్టమో రికార్డ్ చేసినవాళ్లకే తెలుస్తుంది. ఆవిడ పేరు తక్కువగా వినిపించడం నాకు అన్యాయమే అనిపిస్తుంది. ఆ రోజుల్లో గాయకులు మైకుకు దూరంగా నిలబడి పాడేవారు. ఈ దంపతులు మాత్రం మైకును నోటి దగ్గరకు తెచ్చారు. దగ్గరగా పాడితే గొంతు గట్టిగా పడుతుంది, గెయిన్ తగ్గించవచ్చు, దాంతో గదిలో ఫ్యాను చప్పుడూ వీధి గోలా వెనక్కి పోతాయి. హాస్టల్ గదిలో రికార్డ్ చేసేవాళ్లకు ఇంతకంటే చవకైన ఉపాయం లేదు. ‘ప’, ‘బ’ దగ్గర గాలి తన్నకుండా మైకును నోటికి కొంచెం పక్కగా పెట్టుకుంటే సరి. న్యూయార్క్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో చేసిన ‘హౌ హై ది మూన్’ 1951లో బిల్‌బోర్డ్ పట్టికలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది.

ఇక ఆలస్యం సంగతి. టేపు మెషిన్లో రికార్డ్ చేసే హెడ్ ఒకచోట, వినిపించే హెడ్ ఇంకోచోట ఉంటాయి. టేపు సెకనుకు 15 అంగుళాలు నడిస్తే, రెండు అంగుళాల ఎడం అంటే దాదాపు సెకనులో ఎనిమిదో వంతు ఆలస్యం. లెస్ పాల్ ఆ ఆలస్యాన్ని ప్రతిధ్వనిగా వాడుకున్నాడు. కానీ వేర్వేరు ట్రాకులు తాళం తప్పకుండా నడవాలంటే అది అడ్డమే. ఎనిమిది ట్రాకులున్న మెషిన్ కావాలని ఆంపెక్స్‌ను అడిగాడు. ఆ కంపెనీ ఇంజినీర్లు రికార్డ్ చేసే హెడ్‌తోనే వినిపించే పద్ధతి పెట్టి, ఆలస్యాన్ని తీసేశారు. 1957లో మెషిన్ ఇంటికొచ్చింది. ఖరీదు పదివేల డాలర్లు.

మీ లాప్‌టాప్‌లో ఆ ఆలస్యానికి కారణం బఫర్. 44,100 శాంపిల్ రేటులో బఫర్ 1024 ఉంటే ఒకవైపే 23 మిల్లీసెకన్లు పడుతుంది. పాడేటప్పుడు 128కి తగ్గించండి, మూడు మిల్లీసెకన్లకు దిగుతుంది. చిటపట శబ్దాలొస్తే 256 చేయండి. మిక్సింగ్ చేసేటప్పుడు మళ్లీ పెంచుకోవచ్చు. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ బటన్ ఉంటే ఇంకా మంచిది, గొంతు కంప్యూటర్లోకి వెళ్లి రాకుండా నేరుగా చెవిలో పడుతుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో మాత్రం రికార్డింగ్ పెట్టుకోవద్దు.

ఆ ఎనిమిది ట్రాకుల మెషిన్ వచ్చేసరికి రాక్ అండ్ రోల్ వచ్చేసింది, ఈ జంట పాటల హవా తగ్గింది. 1964లో విడాకులయ్యాయి. గిబ్సన్ కంపెనీ 1952 నుంచి ఆయన పేరుతో అమ్మిన గిటార్ మాత్రం నిలిచింది. అంతకు పదేళ్ల ముందు ఆయన నాలుగంగుళాల మందం పైన్ కలపతో చేసిన గిటార్‌ను తీసుకెళ్తే అదే కంపెనీ పట్టించుకోలేదు. తర్వాత ఫెండర్ వాళ్ల గిటార్ మార్కెట్లోకి వచ్చాక కబురు పెట్టింది. ఆయన పేరున్న గిటార్ రూపకల్పనలో ఎక్కువ భాగం కంపెనీ మనుషులదే అన్నది కూడా చెప్పుకోవాలి.

తర్వాత చాలాకాలం వేదిక మీద పెద్దగా కనిపించలేదు. 1980ల నుంచి న్యూయార్క్ క్లబ్బుల్లో ప్రతి సోమవారం వాయించడం మొదలుపెట్టాడు. కీళ్లవాతంతో వేళ్లు కదలడం తగ్గాక, కదిలే వేళ్లతో ఎలా వాయించాలో మళ్లీ నేర్చుకున్నాడు. 90 దాటినా సోమవారాలు ఆపలేదు. 2009 ఆగస్టులో 94 ఏళ్ల వయసులో చనిపోయాడు. వాకెషాలోనే సమాధి చేశారు.