విద్యకు ద్వారాలు అనేకం – జాషువా మహాకవి జీవితం

పలనాటి సీమ అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ, కారెంపూడి రణరంగం మనకు జ్ఞప్తికి వస్తాయి. ఆ వీరగాథను తరతరాలుగా గానం చేస్తూ వచ్చిన గాయకులను మన ప్రాంతంలో వీరవిద్యావంతులని పిలుస్తారు. సమాజం అంటరానివారుగా వెలివేసిన కులానికి చెందినవారు వారు. గ్రంథం ముందు పెట్టుకొనక, పెద్దల నోట విని, రాత్రుల తరబడి సాగే కథను కంఠస్థం చేసుకొన్నారు. బడి వారిని చేరదీయకపోయినా పలనాటి జనం వారికి విద్యావంతులన్న బిరుదునే ఇచ్చింది. విద్యకు ద్వారం ఒక్కటే కాదనీ, మానవ ప్రజ్ఞకు రూపం ఒక్కటే కాదనీ ఆ పేరే చాటుతున్నది. అదే సత్యాన్ని తన జీవితంతో నిరూపించిన పలనాటి బిడ్డ గుర్రం జాషువా. ఆ మహనీయుని చరిత్రను ఈ దృష్టితో మా పాఠకుల ముందుంచుతున్నాము.

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో జన్మించారు. తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. తల్లిదండ్రులవి వేర్వేరు కులాలు, కుటుంబం క్రైస్తవం. బడిలో చేరిన నాటినుండి ఆయనకు కులం పేరిట అవమానాలు ఎదురయ్యాయి. తోటి బాలురే గాక గురువులు సైతం చిన్నచూపు చూశారు. ఆ బాలుడు తలవంచక ఎదురు తిరిగాడు.

అయితే ఆయన చదువు బడిగోడల మధ్యనే సాగలేదు. చిన్ననాటినుండి బొమ్మలు గీయడం, పాటలు పాడడం ఆయనకు ఇష్టమైన వ్యాపకాలు. కన్ను, చేయి, చెవి, గొంతు అన్నీ ఆయనకు గురువులైనవి. బాల్యమిత్రుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి సాహచర్యంలో పద్యంపై మక్కువ పెరిగింది. జంటకవులుగా వెలుగొందాలన్న ఆ మిత్రుల కోరికకు మాత్రం సంఘపు కట్టుబాట్లు అడ్డుగోడలయ్యాయి. జూపూడి హనుమచ్ఛాస్త్రి కులభేదం పాటింపక ఆయనకు మేఘసందేశ, రఘువంశ, కుమారసంభవ కావ్యాలను బోధించారు. క్రైస్తవుడై ఉండి హైందవ కావ్యకథలను చేపట్టడమేమని స్వమతస్థులే ఆయనను ఆక్షేపించారు. ఒకవైపు కులం, మరొకవైపు మతం కాపలా కాస్తున్న తలుపులను తట్టి ఆయన విద్యను సంపాదించారు.

వినుకొండలో జరిగిన ఒక సంఘటనను మనం మరువరాదు. నరసరావుపేట ప్రాంతంలోని కొప్పరం గ్రామానికి చెందిన కొప్పరపు సోదరకవులు ఆశుకవిత్వంలోను, అవధానంలోను ఆంధ్రదేశమంతటా కీర్తి గడించినవారు. అడిగిన వెంటనే పద్యం చెప్పడం, అనేక ప్రశ్నలను ఏకకాలంలో ధారణలో ఉంచుకొనడం మేధాశక్తిలో ఒక ఉన్నత శిఖరం. వినుకొండలో జరిగిన వారి సభలో యువకుడైన జాషువా వారిని ప్రశంసిస్తూ పద్యాలు సమర్పించగా, సభలోని కొందరు ఆయన కులాన్ని ఎత్తిచూపి పరాభవించారు. ఒక విధమైన ప్రజ్ఞకు హారతులు పట్టిన సభ తన కళ్లముందే నిలిచిన మరొక ప్రజ్ఞను గుర్తించలేకపోయింది. కొలిచే సాధనంలో లోపముంటే ఎంతటి వస్తువైనా తక్కువగానే తూగుతుంది గదా!

బ్రతుకుతెరువుకై ఆయన చేపట్టిన వృత్తులు కూడా ఒక పాఠశాల వంటివే. మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతంపై ఉపాధ్యాయులైనారు. ఆ కొలువు పోగా 1915–16 ప్రాంతంలో రాజమహేంద్రవరం చేరి మూకీ చిత్రాలకు వ్యాఖ్యాతగా పనిచేశారు. మాటలు లేని ఆ బొమ్మలకు తెర ప్రక్కన నిలిచి కథ చెప్పాలి. ప్రేక్షకుల నాడి తెలియనిదే ఆ పని సాగదు. తరువాత గుంటూరులో లూథరన్ సంఘంవారి ఉపాధ్యాయ శిక్షణాలయంలో సుమారు పదేండ్లు బోధించారు. ఉభయభాషాప్రవీణులై 1928 నుండి 1942 వరకు ప్రభుత్వ ఉపాధ్యాయులుగా ఉన్నారు. 1957–59 మధ్య మద్రాసు ఆకాశవాణిలో కార్యక్రమ నిర్మాతగా పనిచేశారు.

నేర్చినదానిని అప్పగించడం ఒక శక్తి. దానిని మార్చి కొత్తదానిని సృష్టించడం మరొక శక్తి. మేఘసందేశంలో యక్షుడు భార్యకు మేఘం ద్వారా వార్త పంపుతాడు. జాషువా 1941లో వెలువరించిన గబ్బిలంలో అంటరాని పేదవాడు తన ఆకలిని, అవమానాన్ని శివునికి విన్నవించమని గబ్బిలాన్ని పంపుతాడు. ఆ మనిషికి ప్రవేశం లేని గుడిలో ఆ గబ్బిలానికి ప్రవేశం ఉన్నది. గురువు చెప్పిన పాఠం శిష్యుని అనుభవంతో కలిసి ఇట్లా నూతన కావ్యమైనది.

మన కళాశాల ఉర్దూ విద్యార్థులకు ఫిరదౌసి పేరు సుపరిచితం. షానామా రచించిన ఆ పారశీక మహాకవికి గజనీ సుల్తాను బంగారు నాణెములిస్తానని చెప్పి వెండి నాణెములిచ్చిన గాథను జాషువా 1932లో తెలుగు కావ్యంగా మలచారు. ఏనాటి తూసు నగరం! ఏనాటి వినుకొండ! పరుల దుఃఖాన్ని తన దుఃఖంగా గ్రహించడం కూడా ప్రజ్ఞయే గదా!

ఆయన శ్మశానవాటి పద్యాలు హరిశ్చంద్ర నాటకపు కాటిసీనులో చేరి పల్లెపల్లెకు ప్రాకాయి. ఓనమాలు రానివారు సైతం నటుల నోట విని వాటిని రాగయుక్తంగా పాడుకొన్నారు. వీరవిద్యావంతుల వలెనే వారికీ చెవియే పుస్తకమైనది.

మేధాశక్తి విషయమై పాశ్చాత్యులు కూడ చాలా చర్చించారు. 1905లో ఫ్రాన్సు దేశీయుడైన ఆల్ఫ్రెడ్ బినే, సైమన్‌తో కలిసి బుద్ధి పరీక్షను రూపొందించాడు. చదువులో వెనుకబడిన బాలలను గుర్తించి సాయపడాలన్నదే దాని ఉద్దేశం. కాని కాలక్రమాన ఆ కొలత మనుషులపై ముద్ర వేయడానికి ఉపకరణమైనది. 1983లో అమెరికా శాస్త్రజ్ఞుడు హోవర్డ్ గార్డ్‌నర్ ప్రజ్ఞ ఒక్కటి కాదని వాదించాడు. భాష, గణితం, సంగీతం, రూపకల్పన, శరీర కౌశలం, పరులను ఎరుగుట, తన్ను తాను ఎరుగుట అని ఏడు విధాలు చెప్పాడు. ఇవి నిజంగా వేర్వేరు ప్రజ్ఞలని చూపే ప్రయోగ నిదర్శనాలు చాలవని పలువురు మనస్తత్త్వవేత్తలు ఆక్షేపించారు. ఆ వివాదం ఎట్లున్నా, బొమ్మ, పాట, పద్యం, బోధన, ప్రసంగం అన్నింటిలో ఆరితేరిన జాషువాను ఒక్క మార్కుల పట్టికలో ఇమడ్చలేమన్నది నిశ్చయం.

కాలం తన తీర్పును దిద్దుకొన్నది. అవధాన విద్యకు పెట్టింది పేరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి స్వయంగా జాషువాకు గండపెండేరం తొడిగి గౌరవించారు. క్రీస్తుచరిత్ర కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ యేడే శాసనమండలి సభ్యత్వం, 1970లో పద్మభూషణ్ లభించాయి. 1971 జులై 24న గుంటూరులో ఆయన కన్నుమూశారు.

విద్యార్థి సోదర సోదరీమణులారా! గురజాల, మాచర్ల పల్లెలనుండి, ఇంటిలో తొలిసారిగా కళాశాల గడప త్రొక్కినవారు మీలో ఎందరో ఉన్నారు. ఒక పరీక్షలో మార్కులు తగ్గినంతమాత్రాన తమకు తెలివి లేదని ఎవరూ తలపోయరాదు. కళాశాల పాలకవర్గం వారికి మా విన్నపం ఒక్కటే. గ్రంథాలయానికి ఇచ్చే స్థానాన్నే నాటకానికి, చిత్రలేఖనానికి, ముషాయిరాకు, వక్తృత్వానికి కూడా ఇవ్వండి. ఏ విద్యార్థి ఏ ద్వారం గుండా విద్యలో ప్రవేశించునో ముందుగా చెప్పగలవారు లేరు. కనుక ఏ ద్వారాన్నీ మూయకుండుటే విజ్ఞుల కర్తవ్యమని మేము భావిస్తున్నాము.