బంతితో పాఠం చెప్పిన రహీం సాహెబు

హైదరాబాదు నుండి నాగార్జునసాగరానికి పోయే దారిలో, రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వంటి ఊళ్లలో, సాయంకాలం బడి విడిచిన తరువాత పిల్లలు బంతిని తన్నుతూ ఉంటే చూసేవారికి అది ఉబుసుపోకకు ఆడే ఆటగానే తోస్తుంది. కాని ఒకానొక కాలంలో ఈ ప్రాంతం యావద్భారతానికి ఫుట్‌బాల్ విద్య నేర్పింది. ఆ విద్యకు గురుపీఠం అధిష్ఠించినవాడు గొప్ప ధనికుడు కాడు, రాజోద్యోగి కాడు. ఆయన ఒక సామాన్య పాఠశాల ఉపాధ్యాయుడు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లందరికీ ఆయన రహీం సాహెబు.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టం పుచ్చుకొన్నారు. విద్యార్థిదశలో ఆ విశ్వవిద్యాలయపు జట్టులో ఆడి మంచి ఆటగాడనిపించుకొన్నారు. పిమ్మట ఉపాధ్యాయవృత్తి స్వీకరించి కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగు పాఠశాలలలో పనిచేశారు. వ్యాయామ విద్యలో శిక్షణ పొంది, పిల్లల ఆటపాటల బాధ్యతను కూడా వహించారు. తరగతిగదిలో అలవడిన ఓర్పు, క్రమం, ఒక్కొక్క విద్యార్థి లోపాన్ని కనిపెట్టే చూపు ఆయనతో మైదానానికి వచ్చాయి. ఆయన జీవితంలోని విజయాలన్నింటికీ మూలం ఇదే.

1940 దశకంలో ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. మన ఆటగాళ్లకు బంతిని కాలికి అంటిపెట్టుకొని ఒంటరిగా పరుగెత్తడం మీద మోజు ఎక్కువ. చూడడానికి సొంపుగా ఉన్నా, జట్టుకు దానివల్ల కలిగే మేలు తక్కువ. రహీం దానిని ఉపన్యాసాలతో ఖండించలేదు. బంతిని ఒంటరిగా తోసుకొనిపోరాదని నియమం పెట్టి పోటీలు నిర్వహించారు. బంతి అందిన తక్షణమే తోటివానికి అందించక తప్పదు. అట్లే బలహీనమైన కాలితోనే బంతిని తన్నవలెనని మరికొన్ని పోటీలు పెట్టారు. కుడికాలివాటం కలవాడు ఎడమకాలిని, ఎడమకాలివాటం కలవాడు కుడికాలిని సాధన చేయవలసి వచ్చేది. మంచి ఉపాధ్యాయుడు విద్యార్థికి రాని లెక్కనే మరల మరల ఇస్తాడు గదా!

హైదరాబాదు నగర పోలీసు జట్టు ఆయన శిక్షణలో దేశమంతటా పేరు మోసింది. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలోని రోవర్స్ కప్పు ఆ జట్టుదే. 1950లో డ్యూరాండ్ కప్పును కూడా గెలిచింది. 1956, 1957 సంవత్సరాలలో రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు గెలుచుకొన్నది. అందాక కలకత్తా జట్లదే పైచేయి అనుకొన్నవారు దక్షిణాదివైపు తలలు తిప్పారు.

ప్రతిభ ఎక్కడ ఉన్నా దానిని వెదకి పట్టడం రహీంకు అలవాటు. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆట ఆయన కంటబడింది. నగరానికి వచ్చి సాధన చేయడానికి ఆ కుర్రవాని వద్ద దారిఖర్చు లేదు. అద్దె సైకిలు కోసం రోజుకొక రూపాయి రహీమే ఇచ్చేవారు. ఆ బలరాం 1956లో, 1960లో రెండు ఒలింపిక్ క్రీడలకు వెళ్లి, దేశం గర్వించదగిన ఆటగాడయ్యాడు.

1951లో న్యూఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. రహీం శిక్షణలో భారత జట్టు అంతిమ పోటీలో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణపతకం పొందింది. మరుసటి సంవత్సరమే ఆ సంతోషం చెదరిపోయింది. హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా మనవారిని 10-1తో చిత్తు చేసింది. మన ఆటగాళ్లలో పలువురు అప్పటికీ బూట్లు లేకుండా ఆడేవారు. ఆ పరాజయం తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. రహీం మాత్రం ఓటమిని కాళ్ల మీదికి నెట్టి ఊరుకోలేదు. ఆనాడు యూరపును ఊపివేస్తున్న హంగరీవారి ఆటను శ్రద్ధగా పరిశీలించారు. నలుగురు వెనుక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు నిలిచే వ్యూహాన్ని మన జట్టుకు అలవరచారు. బ్రెజిల్ 1958లో ప్రపంచ కప్పు గెలిచి ఆ వ్యూహానికి లోకప్రసిద్ధి తెచ్చింది. మన ఉపాధ్యాయుడు అంతకు ముందే ఆ పాఠం ప్రారంభించారు.

దాని ఫలం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. భారత జట్టు ఆతిథేయి ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసూజా ఆ పోటీలో మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశం మనదే. చివరకు నాల్గవ స్థానం దక్కింది. 1960లో రోములో ఫ్రాన్సుతో 1-1గా సమానంగా నిలిచినా, హంగరీతోను, పెరూతోను ఓడి మనవారు వెనుదిరిగారు.

1962 నాటికి రహీం శరీరాన్ని క్యాన్సర్ వ్యాధి కబళిస్తున్నది. అయినా ఆయన జకార్తా ఆసియా క్రీడలకు జట్టును తీసుకొని వెళ్లారు. మొదటి పోటీలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓటమి. దానికి తోడు, ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను ఆ క్రీడలకు రానీయని విషయమై భారత ప్రతినిధి వెలిబుచ్చిన అభిప్రాయం అక్కడి ప్రజలకు ఆగ్రహం కలిగించింది. మనవారు మైదానంలో అడుగుపెడితే చాలు, వేలాది కంఠాలు హేళన చేసేవి. వెనుక కాపుకాసే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ జ్వరపడ్డాడు.

ఇన్ని చిక్కుల మధ్య రహీం సాహసించి ఒక నిర్ణయం చేశారు. తలకు కట్టు కట్టుకొన్న జర్నైల్ సింగ్‌ను వెనుకనుండి తీసి ముందు వరుసలో నిలబెట్టారు. అతడు సెమీఫైనల్‌లోను, ఫైనల్‌లోను గోల్స్ చేశాడు. ఫైనల్ ముందునాటి రాత్రి రహీం తన శిష్యులను పిలిచి, తనకు స్వర్ణపతకాన్ని కానుకగా ఇమ్మని అడిగినట్లు వారు తరువాతి కాలంలో కన్నీటితో చెప్పుకొన్నారు. 1962 సెప్టెంబరు 4న, లక్షమంది ప్రేక్షకుల ఎదుట, తమను మొదట ఓడించిన ఆ దక్షిణ కొరియానే వారు 2-1తో జయించారు. గురుదక్షిణ చెల్లింది.

తొమ్మిది మాసాలు గడిచాయి. 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు. ఆ తరువాత భారత జట్టు ఆసియా క్రీడలలో 1970లో కాంస్యపతకం సాధించింది గాని, స్వర్ణపతకం మరల దాని చేతికి రాలేదు. హైదరాబాదు ఫుట్‌బాల్ వైభవం కూడా క్రమంగా తరిగిపోయింది. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం అంతర్జాతీయ రెఫరీగా తండ్రి విద్యను కొంతకాలం నిలిపారు. 2024లో రహీం చరిత్ర మైదాన్ అనే హిందీ చలనచిత్రంగా వెలువడినప్పుడు, ఆయన ఊరివారే అనేకులు ఆ పేరును తొలిసారి విన్నారు.

రహీం పోటీలలో బలహీనమైన కాలితో బంతిని తన్నిన పిల్లలలో అందరూ ఒలింపిక్స్‌కు వెళ్లలేదు. కాని తమ లోపమేదో తాము గుర్తించి, సాధనతో దానిని దిద్దుకొనవచ్చునని వారందరూ నేర్చుకొన్నారు. ఏ బడి మైదానంలోనైనా ఒక బంతి, కొంత ఓర్పు, పిల్లవాని దారిఖర్చు గురించి ఆలోచించే ఒక ఉపాధ్యాయుడు ఉన్నంతకాలం రహీం పాఠం ముగిసిపోదు.